మార్సెసెంట్ అంటే ఏమిటి?

1974లో దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఒక రేకుల గదిలో నా టైప్‌రైటర్ ఉండేది. బయటివాళ్ల రాతప్రతులు తీసుకుని టైపు చేసి ఇచ్చేవాణ్ణి. మా భాషలో దాన్ని జాబ్‌వర్క్ అంటారు.

ఆ వేసవిలో గౌలిపుర నుంచి సత్తెమ్మ వచ్చింది. పాలవ్యాపారం చేసే కుటుంబం. ఆమె భర్త బడిలో సైన్సు చెప్పేవారు. నగరం చుట్టూ గుట్టలు తిరిగి, అక్కడి మొక్కల గురించి ఇంగ్లీషులో రెండు నోటుబుక్కులు రాసి, ఆ మరుసటి ఏడాదే పోయారు. ఫెయిర్ కాపీ, అంటే శుద్ధప్రతి, చేయిస్తే కాలేజీ లైబ్రరీలో పెట్టిస్తానని ఆయన స్నేహితుడైన బాటనీ లెక్చరరు మాటిచ్చారట.

సత్తెమ్మకు ఇంగ్లీషు రాదు. భర్త నేర్పిన ఏబీసీడీలు మాత్రం వచ్చు. నేను టైపు చేసిన ప్రతి పేజీనీ నోటుబుక్కు పక్కన పెట్టుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం పోల్చేది. నాలుగో రోజు ఆ వేలు ఆగింది.

"అన్నా, గీడ మా సారు ఎమ్ రాసిండు. నువ్వు ఎఫ్ కొట్టినవ్."

ఆయన రాసింది మార్సెసెంట్. అలాంటి మాటే లేదనుకున్నాను. ట్యూబ్‌లైట్ల కొటేషన్లు కొట్టిన చెయ్యి కదా, ఫ్లోరెసెంట్ అని దిద్దేశాను. నా డిక్షనరీలోనూ ఆ మాట లేదు.

"ఆయనే తప్పు రాసి ఉంటారమ్మా."

ఆమె మొహం చిన్నబోయింది. "తప్పు గాదన్నా. గీ మాట దొరికిన్నాడు మస్తు ఖుషీగ ఇంటికొచ్చిండు. గీ పేజీ సూపెట్టి, దీని మతలబు చెప్త, ఇను అన్నడు. బర్లకు కుడితి పెట్టాలె, రేపు చెప్పు అన్న. మల్ల ఆయన చెప్పలే, నేను అడగలే."

ఆదివారం ఇద్దరం లెక్చరరు ఇంటికి వెళ్లాం.

"లాటిన్‌లో వాడిపోవడం అనే మాట నుంచి వచ్చిందమ్మా," అన్నారాయన. "కొన్ని చెట్ల ఆకులు ఎండిపోయినా రాలవు. కొమ్మనే అంటుకుని ఉంటాయి. అలాంటి ఆకును మార్సెసెంట్ అంటారు."

"ఎన్నొద్దులుంటయి సారూ?"

"చాలావరకు కొత్త చిగురు వచ్చేదాకా."

"గింతేనా?" అని నవ్వబోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "గింత చిన్న ముచ్చటనా? కుడితి కలుపుకుంటనే ఇనేదాన్ని గద సారూ."

కొంగు దించి అంది: "మల్లొక్కసారి చెప్పుండ్రి. నిమ్మలంగ."

లెక్చరరు నోటుబుక్కు అందుకుని, ఆ పేజీ మొత్తం తెలుగులో చదివి వినిపించారు. ఆమె చివరిదాకా కదలకుండా విన్నది.

ఆ పేజీని మళ్లీ కొట్టాను. తెలియని మాటను తప్పని దిద్దకూడదని అప్పుడే నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. పని మధ్యలో మా ఇంటావిడ ఏదైనా చెప్పబోతే, మీటల మీద నుంచి చేతులు తీసేస్తాను.