పక్క సీటు చదువు

ఆ సంగతి నాకు మొదట చెప్పింది మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మాయి. శుక్రవారం సాయంత్రం పప్పుకి తాలింపు పెడుతుంటే తలుపు కొట్టింది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఆంటీ, కార్‌లో చెక్ ఇంజిన్ లైటు సోమవారం సంది వెలుగుతుంది. అంకుల్‌కి కనబడ్తలేదు."

"ఆయనకి చెప్పలేకపోయావా అమ్మా?"

"చెప్పిన. 'ఆఁ, చూశాను' అంటున్నరు. చూస్తలేరు ఆంటీ. లైటు సంగతి వదిలెయ్యండి. పెట్రోల్ పోసే కాడ మూత లూజుగుంటే నేనే గట్టిగ బిగించిన, రెండు మూడు రోజులల్ల అదే ఆరిపోతది. నేను చెప్పేది అంకుల్ కండ్ల గురించి. పక్కనే కూసుంటా గదా, నాకు తెలుస్తది."

పక్కనే కూర్చుంటుంది. అది నిజమే. ఆమె మెట్లు దిగి వెళ్ళాక కూడా నేను ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. తాలింపు మాడిపోయింది.

అమెరికాలో మేముండేది ఇర్వింగ్‌లో. మావారిదీ ఆ అమ్మాయిదీ ఆ ఊళ్ళోనే లాస్ కొలీనస్‌లో ఒకటే ఆఫీసు. వరంగల్ వైపు పిల్ల. వచ్చిన కొత్తలో కారు లేదు, లైసెన్సు లేదు. "ఎలాగూ అటే వెళ్తున్నాను, నాతో రామ్మా" అన్నారు మావారు. నేనూ సంతోషించాను. ఒకరికి సాయపడే భాగ్యం ఇచ్చినందుకు ఆ రోజు ప్రార్థనలో దేవుడికి స్తోత్రం చెప్పాను కూడా. మాది పాత కారు, చిన్నది. ఈ దేశం వచ్చాక మేం కొన్న మొదటి పెద్ద వస్తువు అదే. ఆదివారం చర్చికి వెళ్దామని ఎక్కితే నా మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి కొట్టుకునేవి. ఆ అమ్మాయి పొట్టి, సీటు ముందుకి లాక్కునేది. వారం వారం నేను దాన్ని వెనక్కి నెట్టుకునేదాన్ని. సోమవారానికి అది మళ్ళీ ముందుకి వెళ్ళిపోయేది.

నాది ఆ రకం అనుమానం కాదు. ఆ పిల్ల మా అమ్మాయి కంటే చిన్నది. నా బాధ వేరు. నేను బడికి వెళ్ళలేదు. కాలవ పనుల మీద క్యాంపులు తిరిగే ఉద్యోగం మా నాన్నది. ఎక్కడా ఏడాది నిలవనిచ్చేవారు కాదు. అక్షరాలూ లెక్కలూ ఇంగ్లీషూ అన్నీ ఆయనే చెప్పారు, పక్కన కూర్చోబెట్టుకుని. సరిగ్గా చెబితే "శభాష్" అని వీపు మీద ఒక్కటి తట్టేవారు. నాకు తెలిసిన చదువంతా ఒక మనిషి పక్కన కూర్చుని నేర్చుకున్నదే. అందుకే పక్క సీటంటే ఏమిటో నాకు తెలుసు. అది ఇంకొకరిది అయిపోతే ఎలా ఉంటుందో కూడా తెలిసింది.

మావారు ఇంట్లో మాట్లాడేది తక్కువ. "అన్నం", "చాలు", "పడుకో". అలాంటి మనిషి ఆ పిల్లకి కారు మొత్తం విప్పి చెప్పారట. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమంటే బెల్టు వదులైనట్టు. సిగ్నల్ వేస్తే టిక్కుటిక్కుమని తొందరపడితే ఎక్కడో ఒక బల్బు పోయినట్టు. చలికి టైరులో గాలి తగ్గితే కంగారు పడక్కర్లేదు, ఎండెక్కాక చూడాలి. ఇవన్నీ నాకు ఆ అమ్మాయి నోటి నుంచే తెలిశాయి. ప్రతి మాటకీ ముందు "అంకుల్ చెప్పిండ్రు" అని.

ఒకసారి వంట సోడా డబ్బా కనిపించక వంటిల్లంతా వెతుకుతుంటే, పెరుగు కోసం పైకొచ్చిన ఆ పిల్ల చల్లగా అంది: "అది కార్ డిక్కీల ఉంది ఆంటీ. బ్యాటరీ కాడ తెల్లగ బూజు పడితే వేడినీళ్ళల్ల కలిపి కడిగినం గదా." నా వంటింటి డబ్బా ఎక్కడుందో నాకంటే తనకి బాగా తెలుసు. పెరుగు ఇచ్చాను. గిన్నె నిండా మాత్రం పోయలేదు.

శనివారమంతా నేను ఆయన కళ్ళ వంకే చూశాను. ఆదివారం పొద్దున ఆయన కంటే ముందు కిందికి దిగి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. అక్కడ కనిపించింది నాకు ఆధారం. మా చర్చిలో కొత్త సంవత్సరం నాడు బైబిల్ వాక్యం రాసిన వాగ్దానం కార్డు తలా ఒకటి తీస్తాం. ఏడాదంతా దాన్నే ఆనుకుని ప్రార్థిస్తాం. ఆ ఏడాది నాకు వచ్చిన కార్డు ఆయన రోజూ చూడాలని నేనే స్టీరింగ్ వెనక, మీటర్ల ముందు నిలబెట్టి టేపు వేశాను. చెక్ ఇంజిన్ లైటు వెలిగే మూల సరిగ్గా ఆ కార్డు వెనకే ఉంది. పక్క సీట్లోంచి చూస్తే కనిపిస్తుంది, డ్రైవర్‌కి కనిపించదు.

నాకెంత సంతోషమైందంటే చెప్పలేను. ఆయన కళ్ళకి ఏమీ కాలేదు, తప్పు నా కార్డుదే. అంతకంటే ఎక్కువ సంతోషం, ఆ పిల్ల చెప్పింది తప్పని తేలినందుకు. టేపు ఊడబీకి, కొంగుతో ఆ అద్దం తుడిచి, ఆయన రాగానే ఆ సీట్లో కూర్చోబెట్టి ఇంజిన్ స్టార్ట్ చేయించాను.

"ఏవండీ, ఆ లైటు ఇప్పుడు కనిపిస్తోందా?"

"ఆఁ. బాగా కనిపిస్తోంది."

"ఏ రంగు?"

"పసుపే కదే. ఏ రంగుంటుంది మరి?"

నేను వంగి చూశాను. అక్కడ ఏ లైటూ లేదు. ఆ పిల్ల పెట్రోల్ మూత బిగించింది కదా, అప్పటికే ఆరిపోయింది.

 చుట్టూ తిరిగి వెళ్ళి ఆయన వైపు తలుపు తీసి, "దిగండి, ఇవాళ నేను నడుపుతాను" అన్నాను. నాకు లైసెన్సు ఉంది గానీ కిరాణా కొట్టు దాటి ఎన్నడూ నడపలేదు. ఆయన దిగి, పక్క సీట్లో కూర్చుని, మోకాళ్ళు కొట్టుకుంటే సీటు వెనక్కి నెట్టుకున్నారు. కారు సందు దాటాక నెమ్మదిగా అన్నారు: "మధ్యలో మసకగా ఉంటోంది. చుట్టూ బానే ఉంది. తగ్గుతుందిలే అనుకున్నా."

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. కొన్ని నెలలుగా సాయంత్రం ప్రార్థనలో "వాక్యం నువ్వే చదువు, నువ్వు చదివితే వినాలనిపిస్తుంది" అంటున్నారు. నేనేమో నా గొంతు ఆయనకి ఇష్టమని పొంగిపోయాను. దానికీ స్తోత్రం చెప్పాను. ఎదురుగా కూర్చుని అన్నం వడ్డించిన నాకు తెలియనిది, పక్కన కూర్చున్న పిల్లకి తెలిసింది.

షుగర్ వల్ల కంటి వెనక పొర ఉబ్బిందన్నారు డాక్టర్. కంట్లో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఇంకా ఆలస్యమై ఉంటే మధ్య చూపు పూర్తిగా పోయేదనీ, తను చెప్పేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దనీ అన్నారు. ఆ రాత్రి ప్రార్థనలో దేవుడికి, డాక్టర్‌కి, నర్సుకి, ఆ మందు కనిపెట్టిన వాళ్ళకి, ఇన్సూరెన్సుకి కూడా కృతజ్ఞతలు చెప్పాను. ఆ అమ్మాయి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమెన్ అనేశాను.

అప్పటి నుంచి వాళ్ళిద్దరినీ ఆఫీసుకి తీసుకెళ్ళేది నేనే. మొదటిరోజు ఆ అమ్మాయి అలవాటుకొద్దీ ముందు తలుపు తీసి, మావారిని చూసి నాలిక్కరుచుకుని వెనక్కి ఎక్కింది. నేను అద్దంలో చూసి నవ్వుకున్నాను. ఆ నవ్వు హైవే దాకా నిలవలేదు.

"ఆంటీ, ర్యాంపు ఎక్కేటప్పుడు ఏసీ బంద్ జెయ్యాలె. లేకపోతే బండి గుంజదు."

"తెలుసమ్మా."

"తెలిస్తే ఆపు మరి," అన్నారు మావారు.

ఆపాను. బండి లాగింది. అదే నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

వాళ్ళిద్దరికీ ఒక ఆట ఉందని అప్పుడే తెలిసింది. కారులో కొత్త చప్పుడు వినిపిస్తే మావారు "ఏంటది?" అంటారు, ఆ పిల్ల చెప్పాలి. ఒకరోజు ఎక్కడో కిర్రుమంది. ఆమె నోరు తెరిచేలోపు "బెల్టు" అన్నాను.

"కాదు ఆంటీ. బ్రేక్ తొక్కినప్పుడే వస్తుంది. ప్యాడ్లు అరిగినయ్."

"శభాష్," అన్నారు మావారు వెనక్కి తిరక్కుండానే.

నాన్న పోయాక నేను మళ్ళీ ఆ మాట వినడం అదే మొదలు. అది నాకు కాదు. ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. "ఏంటీ, ప్యాడ్లు నీవి అరిగినట్టున్నాయి?" అన్నారు మావారు. ఇంట్లో ఆయన వేళాకోళమాడటం ఎన్నాళ్ళకి విన్నానో. అది కూడా కారు పుణ్యమే.

కొన్ని వారాలు పోయాక ఒక పొద్దున హీటరు వేయగానే నాకు బెల్లం పాకం వాసన తగిలింది, లేతపాకం. చెప్పాను.

"పాకమేంటే కార్‌లో," అన్నారు మావారు. హీటరు దగ్గరికి వంగి, "పక్కకి తీసి ఆపు" అన్నారు. బానెట్ ఎత్తి చూస్తే ఒక గొట్టం మొదట్లో పచ్చటి తడి. ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ కారుతోంది, అది తియ్యగా వాసనేస్తుందట. అలాగే నడిపితే ఇంజిన్ వేడెక్కి ఆగిపోయేదట. ఆయన గొట్టాన్ని వేళ్ళతో తడిమి చూసి, అక్కడే నిలబడి, "శభాష్. ముక్కంటే నీదే" అన్నారు.

నాకంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ అమ్మాయి. "నాకు అస్సలు తెల్వలే ఆంటీ, రోజూ ఎక్కుతున్న గదా!" అని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆ ఒక్క శభాష్ కూడా నన్ను ఒక్కదాన్నే దాచుకోనివ్వలేదు, చూశారా. అయినా ఆ చెయ్యి విడిపించుకోలేదు నేను.

వేసవిలో ఆమె ప్రాజెక్టు అయిపోయింది. వీసా గడువులోపు ఇంకో ఉద్యోగం చూసుకోవాలని కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు పులిహోర కట్టిచ్చాను. థాంక్స్ చెప్పాలని కిందిదాకా దిగాను. "జాగ్రత్తమ్మా" అని మాత్రం అన్నాను.

అక్కడ ఆమె కూడా పాత చిన్న కారే కొనుక్కుంది. ఏదైనా చప్పుడు చేస్తే ఫోను ఇంజిన్ దగ్గర పెట్టి మావారికి వినిపిస్తుంది. ఫోన్ ఆయనకే వస్తుంది, నాకు కాదు. ఆయన కళ్ళు మూసుకుని వింటారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది, పెద్దక్షరాల పుస్తకంలో వాక్యం తనే చదువుతున్నారు. ఇప్పుడు నేను వింటాను. అది ఎవరివల్లో నాకు తెలుసు. ఉద్యోగం దొరికిందా అని అడగమని పక్క నుంచి సైగ చేస్తాను. ఇంకా దొరకలేదు, గడువు దగ్గర పడుతోంది.

నేను రోజూ ఆ పిల్ల కోసం ప్రార్థిస్తున్నాను. కానీ ఉన్నమాట చెప్పాలంటే, అందరి పేర్లూ అయ్యాక చిట్టచివర్న వస్తుంది ఆమె పేరు, నా నోటికి ఇంతవరకే చేతనైంది. ఇది చదివే మీకు ఆమెతో ఏ పేచీ లేదు. మీ ప్రార్థనలో ఆ అమ్మాయిని జ్ఞాపకం చేసుకోండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, దేవుడికి తెలుసు. వీలైతే అందరికంటే ముందు తలుచుకోండి.