గ్రేసమ్మ ఆర్పనివ్వని కంప్యూటరు

2004 ఎండాకాలం. కళ్యాణదుర్గంలో బస్టాండు వెనక వీధిలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. చుట్టుపక్కల మండలాల్లో అప్పటికి ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు తక్కువ. ఆ కొద్దిమందీ నన్ను అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. "పని అయిపోయినాక దీన్ని ఆర్పేయల్లనా, అట్లే పెట్టల్లనా?"

నా జవాబు కూడా ఒకటే. ఆర్పేయండి. మా వైపు దుమ్మెక్కువ, ఎండెక్కువ, కరెంటుకు వేళాపాళా లేదు. లోపల ఫ్యాను తిరిగినంతసేపూ దుమ్మును లాక్కుంటూనే ఉంటుంది. పని మధ్యలో టక్కున కరెంటు పోతే ఫైళ్లు చెడిపోతాయి. అందుకని పద్ధతిగా షట్‌డౌన్ చేయండి, అంటే మెషీన్ తన ఫైళ్లన్నీ సర్దుకుని తానే ఆగేలా ఆపండి, తర్వాత ప్లగ్గు పీకి గుడ్డ కప్పండి అని చెప్పేవాణ్ణి. ఆ సలహా వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. కనీసం నాకు తెలిసి.

ఒకరోజు పొద్దున బెళుగుప్ప నుంచి ఫోన్ వచ్చింది. చేసింది దేవదానం గారు, రిటైరైన బస్సు కండక్టరు.

"ఏమప్పా ఓబులేసూ, నువ్వొకతూరి రావల్ల. మా ఇంటామె కంప్యూటర్ ఆర్పనీకుండా ఉండాది. పదకొండు దినాలాయె. అట్లే తిరుగుతాండాది. ఇల్లు అంటుకుంటాదేమోనని నాకు భయం. నేను చెప్తే వినదు. నువ్వు చెప్తే వింటాదేమో."

ఇంటామె అంటే గ్రేసమ్మ. ఆ మండలంలో ఆమెను అందరూ నర్సమ్మ అంటారు. ముప్పై ఏళ్లు ఊరూరూ తిరిగి కాన్పులు చేసిన మనిషి. ఆస్పత్రికి పోలేని ఇళ్లలో పుట్టిన బిడ్డల వివరాలన్నీ పొడుగు నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకునేది. తల్లి పేరు, ఊరు, తేదీ, వేళ, బరువు, చివర ఒక చిన్న మాట. పిల్లలకు పుట్టిన తేదీ కాగితం కావాల్సి వచ్చినప్పుడు కూలిజనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె పుస్తకం చూసి చీటీ రాసిస్తే, అది పట్టుకుని పోతే ఆఫీసులో పని మొదలయ్యేది. రిటైరయ్యాక ఆమె తెలుగు టైపింగు నేర్చుకుని, ఆ పుస్తకాలన్నీ ఏడాదికొక ఫైలుగా కంప్యూటర్‌లో ఎక్కించింది. ఆ కంప్యూటర్ రెండేళ్ల కిందట అమర్చింది నేనే.

బస్సు దిగి వాళ్లింటికి పోయేసరికి పది దాటింది. ముందు గదిలో మెషీన్ నడుస్తూనే ఉంది. డబ్బా పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి పెట్టారు. దేవదానం గారు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు.

"ఇదో, వచ్చినాడు. ఇంగ చెప్పు ఓబులేసూ. ఆర్పల్లనా వద్దా?"

"ఆర్పల్ల సార్. ఇట్ల దినాలకు దినాలు పెడితే ఎట్లమ్మా? దుమ్ము చూడండి ఎంత పట్టిందో. ముందు ఆపి, విప్పి, తుడుస్తాను" అంటూ మౌస్ మీద చేయి వేశాను.

గ్రేసమ్మ నా మణికట్టు పట్టుకుంది. సన్నటి మనిషి, పట్టు మాత్రం గట్టిది.

"ఉండు నాయనా. వచ్చీ రాగానే చెయ్యి పెడతావే. ఎందుకు ఆర్పలేదని నన్ను అడిగినావా?"

నిజమే, అడగలేదు. "ఎందుకమ్మా?" అన్నాను, ఆమెను సముదాయించడానికి అన్నట్టుగా.

"నువ్వు చెప్పినట్లే దినామూ ఆర్పేదాన్ని. పోయిన వారం ముందు ఒక పొద్దున ఎలగలే. లోపల టక్ టక్ అనింది, నిలిచిపోయింది. మల్ల నొక్కితే అంతే. మూడోతూరికి ఎలిగింది. ఆ మరుసనాడు అయిదు తూర్లు నొక్కితే గానీ రాలే. ఆ పొద్దు నుంచి నేను ఆర్పలే. ఇంకోటి, దాని చప్పుడు మారింది. కావాలంటే విను."

ఆమె బీరువా తెరిచి ఒక చిన్న అల్యూమినియం గొట్టం తెచ్చింది. ఒక కొస బూర మాదిరి వెడల్పుగా ఉంది. ఫీటోస్కోప్ అంటారట. గర్భిణి కడుపు మీద ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినే పరికరం. వెడల్పు కొసను హార్డ్ డిస్క్ మీద ఆనించి, రెండో కొస దగ్గర నన్ను చెవి పెట్టమంది. హార్డ్ డిస్క్ అంటే ఫైళ్లన్నీ దాచుకునే పెట్టె. లోపల పళ్లెం లాంటిది నిమిషానికి వేలసార్లు తిరుగుతూ ఉంటుంది.

నేను విన్నాను. సమంగా సాగాల్సిన చప్పుడు ఒరుసుకుంటోంది. మధ్య మధ్యలో చిన్న కీచు. లోపల బేరింగు అరిగిపోయినట్టుంది. తిరుగుతున్నది తిరుగుతుంది గానీ, ఒకసారి ఆగితే మళ్లీ తిరగడం అనుమానమే.

"అమ్మా, ఈ ఫైళ్లకు ఇంకో కాపీ ఉందా?"

"యాడుండాది? ఫ్లాపీ పెట్టే సందు పని చేయడంల్యా."

"నోటు పుస్తకాలు?"

జవాబు దేవదానం గారు చెప్పారు. "అన్నీ ఎక్కించేసినాం గదాని స్టోరు గదిలో పెట్టినాం. చెదలు తినేసినాయప్పా. ఉగాదికి చూస్తే మట్టే ఉండాది."

ఆ మెషీన్ అమర్చిన రోజు నేను గ్రేసమ్మకు ఆర్పడం నేర్పాను, గుడ్డ కప్పడం నేర్పాను. కాపీ తీసి పెట్టుకోమని మాత్రం ఒక్క మాట చెప్పలేదు. ఆ సంగతి అప్పుడు నాకు గుచ్చుకుంది.

ఇంకో డిస్క్ తగిలించాలంటే మెషీన్ ఆపాలి. ఆపకూడదు. పెన్ డ్రైవులు మా వైపు ఇంకా రాలేదు. కాబట్టి ఫ్లాపీ ఒక్కటే దారి. ఫ్లాపీ అంటే అరచేయంత చదరపు ప్లాస్టిక్ బిళ్ల, అప్పట్లో ఫైళ్లు ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి మోసేది దాంట్లోనే. షాపులో అమ్మడానికి కొన్న ఆరేడు పెట్టెలు నా సంచిలో ఉన్నాయి. ఫ్లాపీని చదివే డ్రైవ్ తల మీద దుమ్ము పేరుకుని ఉంటుందని నా అనుమానం. దాన్ని తుడిచే బిళ్ల కూడా నా దగ్గర ఉంది గానీ, దాని మీద వేసే ద్రావకం సీసాలోనే ఎండిపోయింది.

"స్పిరిట్ పనికొస్తాదా?" అంది గ్రేసమ్మ. సూది వేసేముందు చర్మం తుడిచే స్పిరిట్ ఆమె ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. నాలుగు చుక్కలు వేసి బిళ్లను డ్రైవ్‌లో పెట్టాను. నాలుగోసారికి డ్రైవ్ బర్రుమంటూ ఫ్లాపీని చదివింది. దేవదానం గారు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆగకముందే కరెంటు పోయింది.

ఆ ఇంటికి ఇన్వర్టరు ఉంది, కరెంటు పోతే బ్యాటరీ మీద నడిపించే పెట్టె. పదకొండు రోజులూ మెషీన్ను ఒడ్డున పడేసింది అదే. కానీ దాని బ్యాటరీ పాతది. "నిన్న గంటలోపే కరెంటొచ్చింది గాబట్టి సరిపోయె. ఈ పొద్దు గంట గూడా నమ్మకం లేదు" అన్నారు దేవదానం గారు. ఆ రోజు లైను పని ఉందట, కరెంటు మళ్లీ వచ్చేది మధ్యాహ్నం రెండింటికి. అప్పటికి ఇంకా మూడు గంటలుంది.

మానిటర్ ఎక్కువ తింటుందని, అవసరమైనప్పుడు తప్ప దాన్ని ఆపేసి పెట్టాను. కాపీ మొదలుపెట్టాను. డిస్క్ ముక్కుతూ మూలుగుతూ ఒక్కో ఫైలు ఇస్తోంది. దేవదానం గారు చెప్పులు వేసుకుని బయటికి పరుగెత్తారు.

ఇరవై నిమిషాల్లో ఆయన తిరిగొచ్చారు. వెనకాల ట్రాక్టరు బ్యాటరీ భుజానికెత్తుకుని ఒక రైతు. పేరు హనుమంతు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"నర్సమ్మా, యాడ పెట్టల్ల?"

"దుక్కి మధ్యలో పీక్కొచ్చినావేమప్పా?"

"దుక్కి రేపన్నా దున్నుకోవచ్చు. మా సుజాత పుట్టిన తేదీ నువ్వు రాసియ్యకపోతే దానికి హాస్టల్లో సీటు యాడొచ్చేది?" అంటూ బ్యాటరీ కింద పెట్టాడు.

అప్పటికే ఇన్వర్టరు కీ కీ మని అరవడం మొదలుపెట్టింది. పాత బ్యాటరీ తీస్తే క్షణంలో అంతా ఆగిపోతుంది. అందుకని దాన్ని తీయకుండానే, ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు, ట్రాక్టరు బ్యాటరీని పక్కన కలపాలి. వైర్లు నేను పట్టుకున్నాను. హనుమంతు టార్చి పట్టుకున్నాడు. తాకించినప్పుడు ఒక నిప్పురవ్వ లేచింది. గ్రేసమ్మ కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. ఇన్వర్టరు అరుపు ఆగింది. డిస్క్ తిరుగుతూనే ఉంది.

తర్వాత రెండు గంటలూ అదే పని. ఫ్లాపీ నిండగానే నేను తీసిస్తాను, గ్రేసమ్మ దాని మీద ఏడాది రాసి చాప మీద వరసగా పేరుస్తుంది. ప్రతి ఏడాదికీ రెండు ఫ్లాపీలు. ఒకటి చెడినా ఇంకోటి ఉండాలని. మధ్యలో ఆమె లేచి గొట్టం ఆనించి వినేది. "ఇంకా ఉండాది" అనేది. కాన్పు గదిలో ఆమె ఇలాగే ఉండేదేమో అనిపించింది. కంగారు లేదు, తొందర లేదు, చెవి మాత్రం అక్కడే.

ఒక్క ఏడాది ఫైలు రాలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా సగంలో ఆగిపోయేది. నేను చెప్పకముందే ఆమే స్క్రీన్ చూసి అర్థం చేసుకుంది.

"పోనీలే. ఆ ఏడు కాన్పులు ఎక్కువ ఈ పక్క ఊర్లవే. తల్లులు ఉండారు. పోయి అడిగి రాసుకుంటా" అంది.

రెండు దాటాక కరెంటు వచ్చింది. ఇక తీయడానికి ఏమీ మిగల్లేదు. "ఇప్పుడు ఆర్పుదాం అమ్మా" అన్నాను. ఆమే కూర్చుని, నేను రెండేళ్ల కిందట నేర్పిన వరసలోనే షట్‌డౌన్ చేసింది. మోత ఆగిపోయింది. పదకొండు రోజుల తర్వాత ఆ గదిలో వచ్చిన నిశ్శబ్దం నలుగురికీ కొత్తగా అనిపించింది.

కాసేపటికి నేను మళ్లీ బటన్ నొక్కాను. టక్. టక్. ఆగింది. పదిసార్లు నొక్కాను. డిస్క్ తిరగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ తిరగలేదు.

పొద్దున నా చేయి మౌస్ మీద ఉన్న క్షణం గుర్తొచ్చింది. "అమ్మా, నేను వచ్చిన వెంటనే ఆర్పేసి ఉంటే అంతా పోయేది. మీరు పట్టుకుని ఆపినారు" అన్నాను.

ఆమె నవ్వింది. "నాకేం తెలుసు నాయనా డిస్కులు, బేరింగులు. నా పనిలో నేను నేర్చుకున్నది ఒకటే. గడప దాటి లోపలికి పోతానే కడుపు మీద చెయ్యి పెట్టకూడదు. ముందు ఆ తల్లిని అడగల్ల, ఎట్లుండాదమ్మా, ఎప్పటినుంచి అని. దినమంతా దాంతో ఉండేది ఆమె. నేనుగాదు."

దేవదానం గారు గొంతు సవరించుకున్నారు. "నేను గూడా అడగల్యా" అన్నారు మెల్లగా. ఆమె ఆయనకు మజ్జిగ గ్లాసు అందించింది.

తర్వాతి వారం కొత్త డిస్క్ వేసి ఫైళ్లన్నీ ఎక్కించాను. అన్నీ తెరుచుకున్నాయి. ఆ పోయిన ఏడాదిని ఆమె ఎండలో ఊర్లు తిరిగి చాలావరకు తిరిగి రాసింది. కొన్ని పేర్లు మాత్రం దొరకలేదు. వలసపోయిన వాళ్లవి.

వానాకాలంలో ఇంకోసారి అటు పోయినప్పుడు, గంగమ్మ అనే కూలి ఆమె తన కూతురితో వచ్చి కూర్చుని ఉంది. గ్రేసమ్మ ఫైలు తెరిచి పేరు వెతికి చదివింది. ఊరు, తేదీ, తెల్లవారుజాము, బరువు. చివర రాసిన మాట దగ్గర ఆగింది.

"ఏం రాసినావు నర్సమ్మా?" అనింది ఆ పిల్ల.

"పుట్టినాక చాలా సేపటికి ఏడ్చింది అని రాసినా."

పిల్ల తల్లి వైపు చూసింది. గంగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అవును. అంతసేపూ ఈమె నిన్ను చేతిలోనే పెట్టుకోనుండె. వదల్యా" అంది. చీటీ చేతికి ఇచ్చినా వాళ్లు కాసేపు లేవలేదు.

కంప్యూటర్ ఆర్పాలా వద్దా అని ఇప్పటికీ జనం అడుగుతారు. ఆర్పమనే చెబుతాను. మామూలు మెషీన్‌కు అది మంచి సలహాయే. కాకపోతే ఆ మాటకంటే ముందు ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, "మీకేం తేడా కనిపించింది, ఎప్పటినుంచి?" అని అడుగుతాను. చదువు రాని ముసలమ్మయినా సరే, చెప్పేదంతా విన్నాకే చేయి వేస్తాను. సగం రిపేర్లు ఆ మాటల్లోనే తెలిసిపోతాయి. ఈ పనిలో నాకు వచ్చిన మంచి పేరులో ఎక్కువ భాగం ఆ అలవాటు వల్లే వచ్చింది. అది నాకు నేర్పిన మనిషికి కంప్యూటర్ నేర్పింది నేనే అని చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వంగా, కొంచెం సిగ్గుగా కూడా ఉంటుంది.