మఠంలోకి వచ్చిన తల్లి

అది 1968. గజపతినగరంలోని ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఊరికి కాస్త దూరంలో కన్యాస్త్రీల మఠం ఉండేది. అక్కడి సిస్టర్లు బడులూ ఆసుపత్రులూ నడిపేవారు కాదు. ప్రార్థన, కుట్టుపని, కూరగాయల మడులు, అంతే. చేరినవాళ్ళు బయటికి రారు, బయటివాళ్ళు లోపలికి పోరు. చుట్టాలొస్తే కటకటాల కిటికీ దగ్గరే మాటలు. డాక్టరుకీ నర్సుకీ మాత్రం మినహాయింపు.

నేను రోజూ వెళ్ళింది సిస్టర్ రోజలిన్ కోసం. నలభై ఏళ్ళుంటాయేమో. రొమ్ములో గడ్డ కనిపించినా సిగ్గుపడి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. మా డాక్టరుగారు చూసేసరికి అది పగిలి పుండయింది. ఆపరేషన్‌కు వేళ మించిపోయింది. ఇక మాకు మిగిలింది డ్రెస్సింగ్, అంటే పుండు కడిగి కట్టు మార్చడం, దానికి ముందు మార్ఫియా ఇంజక్షన్ ఇవ్వడం. ఆ మందు నొప్పిని అణుస్తుంది, మనిషిని మగతలోకీ నెడుతుంది.

పుండు వాసన వేస్తోందని ఆమె నాకు క్షమాపణ చెప్పేది. ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడేది. ఒకరోజు ఊరేదని అడిగాను.

"రామతీర్థం దగ్గర పల్లె. రైతుల ఇల్లు. విజయనగరంలో సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మఠంలో చేరతానన్న రోజున మా నాన్న నా పేరున నీళ్ళు వదిలేశారు. ఆయన పోయారు. అమ్మ ఉంది."

"అమ్మను చూడాలనుందా?"

"రాదండీ" అంది. చూడాలని లేదని మాత్రం అనలేదు.

ఆ మాట మదర్‌కు చెప్పాను. ఆవిడ మఠానికి పెద్ద, మలయాళీ మనిషి. వెంటనే కబురు పంపించారు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి, ఎండలో నడిచొచ్చిన ముసలామె ఒకతె కిటికీ కటకటాలు పట్టుకుని లోపలున్న మదర్‌తో మాట్లాడుతూ ఉంది.

"నాను అప్పలనర్స అమ్మని. మీరు దానికి పేరేటెట్టినారో నాకు తెల్దు. సూడనిస్తారేటమ్మా?"

రోజలిన్ మంచం దిగి కిటికీ దగ్గరికి వచ్చే స్థితిలో లేదు. తల్లి లోపలికి పోవడానికి నియమం ఒప్పుకోదు. మదర్ నావైపు తిరిగారు.

"నర్సమ్మా, కట్టు మార్చేటప్పుడు పట్టుకోవడానికి మీకొక మనిషి అవసరమా?"

రోజూ ఆ సాయం ఒక సిస్టరే చేసేది. మదర్ ఎందుకడిగారో అర్థమైంది. "అవసరమే మదర్" అన్నాను.

"రోగిని పట్టుకోగలరా అమ్మా?" అని ఆవిడ ముసలామెనడిగారు.

"నాను కన్న పిల్ల. నాను పట్టుకోకపోతే ఎవులు పట్టుకుంతారు?"

తల్లి వచ్చిందని చెప్పగానే రోజలిన్, "ఇంజక్షన్ తర్వాత ఇవ్వండి. నేను మెలకువగా ఉండాలి" అంది. డ్రెస్సింగ్ ఓర్చుకోలేరని చెప్పినా వినలేదు.

తల్లి ఆమె భుజాలు పట్టుకుంది. నేను కట్టు విప్పాను. పుండు చూసి ముసలామె గట్టిగా ఊపిరి తీసుకుంది, చేతులు మాత్రం వదల్లేదు. కూతురు మెలితిరిగినప్పుడు తలమీది తెల్లగుడ్డ జారింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు కనిపించింది.

"ఒసే, నీ జడేటి సేసినావే?"

"దేవుడికిచ్చీసినానమ్మా."

"సింవ్వాచలంలో నానూ ఇచ్చినాను గదే. మల్లీ పెరగనిచ్చినాను."

రోజలిన్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వుకే నొప్పి ఎగదన్ని కళ్ళు మూసుకుంది. ఆమె నోట మా యాస వినడం నాకదే మొదలు. ముసలామె ఆముదం అడిగి తెప్పించుకుని, ఆ కురచ జుట్టుకు మెల్లగా రాస్తూ కూర్చుంది. ఊళ్ళో ఎవరెవరు పోయారో, ఏ గేదె ఈనిందో చెబుతూనే ఉంది. చాలాసేపటికి రోజలిన్ తనే ఇంజక్షన్ ఇవ్వమంది.

"నర్సమ్మకు అవసరమున్నన్నాళ్ళూ రండి" అన్నారు మదర్. రెల్లుగడ్డి కప్పిన గుడిసె ఒకటి మఠం బయట ఖాళీగా ఉంటే ముసలామె అందులో దిగింది, రోజూ వచ్చింది. ఒక ఉదయం సిస్టర్లు చుట్టూ నిలబడి ప్రార్థన చదువుతుండగా రోజలిన్ పోయింది. చెయ్యి తల్లి చేతిలోనే ఉంది. మఠం తోటలోనే సమాధి చేశారు. సిస్టర్ల వరసలో నిలబడి తల్లీ గుప్పెడు మన్ను వేసింది.

గేటు దగ్గర నన్నాపి, "నొప్పి నేకుండానే పోనాదా అమ్మా?" అని అడిగింది.

"చివర్న నొప్పి లేదమ్మా" అన్నాను. అది నిజమే.

అంతకుముందు, నొప్పి తగ్గించి రోగిని నిద్రపుచ్చితే నా పని అయిపోయిందనుకునేదాన్ని. ఆ తర్వాత ఇక కోలుకోరని తెలిసినవాళ్ళకు సూది వేసేముందు, ఎవరినైనా చూడాలనుందా అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఒక పెద్దాయన, పొలం గట్టు తగవుతో మాటలు మానేసిన తమ్ముణ్ణి పిలవమన్నాడు. కబురు పెట్టాం. తమ్ముడు రాలేదు. పెద్దాయన మాత్రం, అడిగినందుకు నా చెయ్యి పట్టుకున్నాడు.