కుందూ మీద బంతి భోజనం

నవ్వకుండా వింటామంటేనే చెప్తా. ఏయ్, నువ్వు అప్పుడే నవ్వుతాండావ్! సరే, మొదట టీ చెప్పండి. మొన్న ఆదివారం సాయంత్రం నేను పెట్టుకున్న పనేంది? ఆళ్లగడ్డ కాడ పుట్టింట్లో ఉన్న పెండ్లాన్ని నంద్యాలకు తెచ్చుకోవడం. జరిగిందేంది? పెండ్లాంతో, మామతో, వండిన కోడికూరతో సహా నేనే నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దిక్కుకు కొట్టుకొని పోయినా. బస్సులో కాదప్పా, కుందూ ఏట్లో!

మొదటి నుంచి చెప్తా, ఉండండి. మా సుభద్ర పుట్టింటికి పోయి చాన్నాళ్లాయె. మా ఇద్దరికీ తగాదా ఏం లేదు. పంపనిది మా మామ. ఓబుళయ్య మామను మీరెరగరు. ఆళ్లగడ్డ పక్క పల్లెలో సేద్యం, మాటంటే మాట, అంతే. ఒకసారి వచ్చి నా గది చూసినాడు. ఒంటి గది, బావి కాడ వరుస, పక్కింటాయన దగ్గితే మన గోడ దగ్గినట్లు ఉంటాది. అంతా చూసి, "మా యింట్లో ఎద్దులు గూడా ఇంతకంటే వైనంగా ఉండాయి కదప్పా" అని, బిడ్డను వెంటబెట్టుకొని పోయినాడు. నేను ఈడ మిల్లులో పత్తి తూకాలు రాసుకుంటా, హోటల్ సాంబారు తాగుతా, దేవదాసు లాగా గడ్డం పెంచుతాండా.

ఉండబట్టలేక పోయిన వారం ఆళ్లగడ్డ బస్సెక్కినా. మర్యాదకేం తక్కువ లేదు. సంగటి, చెనిక్కాయల పచ్చడి, గడ్డ పెరుగు. తిన్నాక మామ మంచం మీద కూర్చోని మద్రాసు కథ ఎత్తుకున్నాడు. ఎప్పుడో పత్తి అమ్మేదానికి పోయినప్పుడు చూసినాడంట. ఆ కథ చెప్పకుండా ఆయన ఆకు, వక్క నోట్లో వేసుకోడు.

"దొరలప్పా! పడవెక్కి, దీపాలు పెట్టుకొని, నీళ్ల మీద పోతా పోతా బువ్వ తింటాండిరి. సూసేదానికి రెండు కండ్లు సాలలేదు. మీ నంద్యాల్లో ఏముండాది? దుమ్ము, దూది!"

నాకు రోషం వచ్చింది. ఊరినంటే ఊరుకోలేను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మా నంద్యాల్లో అది గూడా ఉండాది మామా! కుందూ మీద! సాయంత్రం పూట పడవలో భోజనం!"

తలుపు చాటున సుభద్ర దగ్గింది. మొగుడు అబద్ధమాడితే ఆమెకు గొంతులో తెలుస్తాది. మామ మాత్రం మంచం మీద నుంచి ముందుకు వంగినాడు.

"నిజంగానా? అట్లయితే ఆదివారం వస్తాం. బిడ్డను గూడా తోడుకొస్తా. నాకు నచ్చెనా, ఆడ్నే ఇడిసిపెట్టి వస్తా. నచ్చలేదా, నా ఎంటే మళ్ల తోడుకొస్తా. ఆ పొద్దు నుంచి నువ్వు అడగాకు, నేను సెప్పను."

చూడండి నా బతుకు! నంద్యాల్లో పడవ యాడుండాది? కుందూలో ఉండేవి పుట్టులు. గంప మాదిరి గుండ్రంగా ఉండి, మనం ఎటు పొమ్మంటే అటు పోక, ఉన్న తావునే గిర్రున తిరిగేవి. పరుగెత్తుకుంటా పోయి పుట్టి మస్తానన్న కాళ్ల మీద పడినంత పని చేసినా. మనిషి మంచోడు. నా కథంతా విని, తల గోక్కొని, ఐడియా చెప్పినాడు. రెండు పుట్టులు పక్కపక్కన పెట్టి, వెదురు బొంగులతో బిగించి, మీద పాత తలుపు పరిస్తే తిరగదంట. ఒక పొడుగాటి తాడు పుట్టికి కట్టి, రెండో కొన ఒడ్డు మీద తుమ్మచెట్టుకు చుట్టి, తాడు వదులుకుంటా పోతే ఏటి మధ్యకు పోతాదంట. తిన్నాక లాక్కుంటే ఒడ్డుకు వస్తాదంట. ఇంతకంటే గ్యారంటీ స్టీమర్‌కు గూడా ఉండదు!

ఆదివారం వచ్చింది. మామ కొత్త తలగుడ్డ చుట్టుకొని దిగినాడు. వెనక సుభద్ర, మల్లెపూలు పెట్టుకొని. తలుపు మీద దుప్పటి పరిచినాం, పెట్రోమాక్స్ లైటు బొంగుకు తగిలించినాం. ఎందుకైనా మంచిదని మస్తానన్న పుట్టి నెట్టే గెడ గూడా ఒకటి పక్కన పడేసినాడు. మా గది ఓనరమ్మ చేసిచ్చిన కోడిపులుసు ఒక తపేలా, అన్నం ఒక తపేలా, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు ఒక పెద్ద డబరా. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయినాక ఈ జిల్లాలో ఇంత పెద్ద ప్రోగ్రామ్ ఎవరూ పెట్టలేదనుకోండి.

మస్తానన్న తాడు పట్టుకొని, "ముడి నేనేస్తా అబ్బీ" అన్నాడు. మామ చూస్తాండాడు. మామ ముందర నేను తగ్గుతానా? "రోజూ పత్తి బోరేలకు వేసే ముళ్లు చూస్తాండా, నాకు నేర్పిస్తావా?" అని తాడు గుంజుకొని పుట్టికి నేనే ముడి వేసినా. వేసింది పత్తి మూటలకేసే బోరెం ముడే. అచ్చం మన హమాలీలు వేసినట్లే వేసినా. అయితే హమాలీలు ఆ ముడి ఎందుకట్ల వేస్తారో నాకు ఆ పొద్దు గుర్తుకు రాలేదు. గోడౌన్‌లో దించేటప్పుడు ఒక్క గుంజుకు ఊడిపోయేదానికి!

మస్తానన్న ఒడ్డున నిలబడి తాడు వదులుతాంటే, పుట్టి ఏటి మధ్యకు పోయింది. పొద్దు వాలుతాంది. నీళ్లు ఎర్రగా మెరుస్తాండాయి. నేను, మామ పక్కపక్కన బంతి కూర్చున్నాం, ముందర విస్తరాకులు. సుభద్ర వడ్డిస్తాంది. మామ ముఖం ఎట్ల వెలిగిందనుకున్నారు! "బలే ఉండాదప్పా. మద్రాసు దొరలు దీని ముందర ఏం పనికొస్తారు!" అన్నాడు. నేను సుభద్ర దిక్కు చూసినా. నవ్వు దాచుకుంటాంది. ఇంక గెల్చినట్లే అనుకున్నా. నిజం చెప్తా, కడుపు నిండిపోయింది నాకు, మొదటి ముద్ద పెట్టకముందే.

మొదటి ముద్ద పెట్టినా. పుట్టి ఒకసారి చిన్నగా ఎగిరింది. ముడి ఊడింది. తాడు మెల్లగా నీళ్లలోకి జారిపోయింది.

సుభద్ర కూడా చూసింది. కోడిపులుసు వంచుతా, నా చెవి కాడ, "బావా, తాడు!" అంది.

"చూసినా."

"చూసి కూర్చుంటే ఎట్ల? లేసి గెడ పట్టుకోరాదా?"

ఎట్ల లేస్తానప్పా! మీకు మా అత్తగారింటి బంతి సంగతి తెలీదు. బంతిలో కూర్చున్నాక పెద్దాయన లేసేదాకా చిన్నోడు లేయకూడదు. కొంపలు అంటుకున్నా లేయకూడదు. మా తోడల్లుడు ఒకసారి బస్సు హారన్ కొట్టిందని సగంలో లేసినాడు. అంతే! మామ మళ్లా పంట చేతికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు. సుభద్రను నాతో పంపాల్నా వద్దా అని తేల్చే పొద్దు, నేను బంతిలోంచి లేస్తానా? చచ్చినా లేయను. "ఆయన తినడం అయిపోతానే లేస్తా" అని గొణిగినా.

"పోనీ, నేను గెడ పట్టుకుందునా?" అంది సుభద్ర, కొంచెం గట్టిగానే.

మామ తల ఎత్తకుండానే, "వడ్డించే సెయ్యి వడ్డించల్ల. బంతి మధ్యలో ఏరే పనులు పెట్టుకోగూడదు" అన్నాడు.

అయిపోయింది. దారులన్నీ మూసుకున్నాయి.

తొందరగా తిందామని చూసినా. గబగబా అన్నం తినేసి, ఆకు ఖాళీ చేసి, మామ దిక్కు చూస్తే ఆయన ఇంకా తింటాండాడు. ఖాళీ ఆకు ముందర పెట్టుకొని పెద్దాయన ముద్దలు లెక్కబెట్టినట్లు కూర్చుంటే బాగుంటాదా? ఒక ఓళిగ వేయించుకున్నా. నా ఓళిగ చూసి మామ ఒకటి వేయించుకున్నాడు. ఆయన తింటాంటే నేను చూస్తా కూర్చోలేక ఇంకోటి. నేను తింటాంటే ఆయన ఇంకోటి. డబరాలో ఓళిగలు తరిగిపోతాండాయి, నంద్యాల వెనక్కి పోతాంది. వంతెన పోయింది, మామిడితోట పోయింది. ఒడ్డున ఎద్దులు కడుగుతాండే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టుకొని చూసి అరిచినాడు.

"యాడికి పోతాండారప్పా?"

"బువ్వ తింటాండాం!" అన్నాడు మామ.

ఆయన ఎద్దును కడిగే చెయ్యి ఆపేసినాడు పాపం.

ఇంకో పక్క ఒడ్డెంబడే మస్తానన్న పరుగెత్తుకుంటా వస్తాండాడు. తల మీద పెరుగు కుండ! చివర్లో తాడు గుంజి అందిద్దామని ఒడ్డున పెట్టుకున్న కుండ అది. దాన్ని దించాలని గూడా తోచలేదు ఆయనకు. "తాడూ! తాడూ!" అని అరుస్తాండాడు, పెరుగు మూతి మీదికి కారుతాంది.

"ఆ యప్ప ఏమంటాండాడు?" అని నేనే అడిగినా, ఏమీ ఎరగనట్లు.

"పెరుగు తెస్తాండాడులే. తొందరేముండాది, రానీ" అన్నాడు మామ, నిదానంగా. ముఖం మాత్రం మొదట ఉన్నంత వెలుగుగా లేదు. పుట్టి ఇప్పుడు తిరగడం గూడా మొదలుపెట్టింది. తలుపు పరిస్తే తిరగదని చెప్పిన మస్తానన్న, తాడు ఊడితే ఏమైతాదో చెప్పలేదు. ఒకసారి పొద్దు ఎదురుగ్గా, ఒకసారి వీపు మీద. నేను ఒక చేత్తో బొంగు పట్టుకొని, ఇంకో చేత్తో ఓళిగ తింటాండా. మామ ముఖం ఆకుపచ్చగా అయితాంది, అయినా నములుతానే ఉండాడు. ఏం మనిషప్పా, ఏం ఆకలి అనుకున్నా!

ఇంతలో సుభద్ర డబరా వంచి అడుగు చూపించింది. ఖాళీ. ఇద్దరి ఆకుల్లో చెరొక సగం ఓళిగ మిగిలింది. నేను నాది వేలితో తుంచి తుంచి తింటాండా, ఆయన తనది అంతకంటే చిన్నగా తుంచుతాండాడు. సుభద్ర నన్ను చూసింది, వాళ్ల నాయన్ను చూసింది. నడుము మీద చేతులు పెట్టుకుంది. వంగి, రెండు విస్తరాకులూ మా ముందర నుంచి లాగేసి, కుందూలోకి విసిరేసింది!

"బంతి అయిపాయె! ఇంక లేస్తారా, ల్యాకుంటే ప్రొద్దుటూరులో దిగుతారా?"

ఆకే లేకపోతే ఇంక బంతి యాడిది? ఇద్దరం ఒక్కసారే, గెడ కోసం, లేసినాం. ఒకే పక్కన కూర్చున్నోళ్లం కదా, ఒకే పక్కన లేసినాం. పుట్టి ఆ పక్కకు ఒరిగింది. పెట్రోమాక్స్ చుయ్యిమని ఆరిపోయింది. నేను, నా మీద మామ, మామ మీద కోడిపులుసు తపేలా.

"నాయనా! బావా!" అని సుభద్ర కేక పెట్టింది. నేను ఈత రాక, రెండు చేతులూ కొట్టుకుంటా, ఉన్న దేవుళ్లందరినీ పిలిచినా. కొంచెం సేపటికి పక్కన మామ గొంతు వినపడింది, చాలా నిమ్మళంగా.

"అల్లుడా, కాళ్లు కింద పెట్టి నిలబడు."

నిలబడినా. నీళ్లు మోకాళ్లకు గూడా రాలేదు! ఒడ్డు పక్క జమ్ముగడ్డిలోకి వచ్చి ఎప్పుడు తట్టుకున్నామో ఏమో, ఉన్న తావునే తిరుగుతా, ఇద్దరం ఓళిగలు మింగుతాండాం.

ఒడ్డెక్కి కూర్చున్నాం. మామ తలగుడ్డ పిండుకుంటాండాడు, పులుసు కారుతాంది. సుభద్ర పుట్టిలోనే నిలబడి ఉండాది. ఆమె చీర మీద ఒక్క చుక్క పడలేదు చూడండి! నేను ఇంక దాచలేక చెప్పేసినా. "మామా, తప్పయిపోయింది. తాడు ఊడింది మొదటి ముద్దకే చూసినా. నువ్వు తింటాంటే బంతిలోంచి లేయకూడదని కూర్చున్నా."

మామ పిండడం ఆపినాడు.

"నేను తింటాంటేనా? తాడు పాము మాదిరి పోతాంటే నీ కంటే ముందు నేను సూస్తిని! నీ ఆకులో ఓళిగ ఉండె. పెద్దోన్ని, అల్లుని ఆకులో బువ్వుండంగా నేనెట్ల లేసేది? నువ్వు ఎప్పుడు మానుకుంటావా అని, కడుపు పగుల్తాన్నా తింటి!"

"నేను నీ కోసం తింటి!"

"నేను నీ కోసం తింటి!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. సుభద్ర మొదట పమిట నోట్లో పెట్టుకుంది, తర్వాత అదీ వదిలేసి పుట్టిలో కూలబడి నవ్వింది. అప్పుడే మస్తానన్న రొప్పుకుంటా వచ్చి కుండ దించి, "పెరుగు!" అన్నాడు. మామకు వాంతి ఒక్కటే తక్కువ.

ఇంక నా కాపురం అయిపోయింది అనుకున్నా. నవ్వొస్తాదా మీకు? నాకు ఆ పొద్దు ఏడుపే వచ్చింది. మామ లేసి తడి పంచె సర్దుకొని, సుభద్రను పిలిచినాడు. నేను తల వంచుకొని నిలబడినా.

"అమ్మా, నువ్వు అల్లుని కాడ్నే ఉండు" అన్నాడు.

నా చెవులను నేను నమ్మలేదు. "నచ్చిందా మామా?" అని ఎగిరినా. "నంద్యాల నచ్చిందా?"

"నంద్యాల గాదప్పా. ఇన్నాళ్లు నా బిడ్డ నీ కాడ ఎట్ల బతుకుతాదో అని ఇసారపడితి. ఈ పొద్దు తెలిసె, నా బిడ్డ ల్యాకుంటే నువ్వే బతకవు."