పదకొండు శాతం దగ్గర మా తాత

మా తాత రెండుసార్లు పోయాడు. మొదటిసారి పోవడంలో నా ప్రమేయం ఏమీ లేదు. ఎనభై దాటిన మనిషి, మధ్యాహ్నం భోంచేసి మంచమెక్కి, మళ్ళీ దిగలేదు. రెండోసారి పంపించింది మాత్రం అచ్చంగా నేనే. ఆ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో ఇప్పటికే నవ్వుకున్నారు, మధ్యమధ్యలో ముక్కు చీదుకుంటూ.

తాత తప్పెటగుళ్ళు వాయించేవాడు. రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో ఎగురుతూ, రెండు అరచేతులతో చరిచే ఆట అది. పాట జట్టులో వేరేవాళ్ళు పాడేవారు. తాత నోరు విప్పేవాడు కాదు, ఇంట్లో కూడా. ఆయన మాట్లాడిందంటూ ఉంటే ఆ రేకు మీదే. నౌపడ దగ్గర మా ఊళ్ళో అమ్మవారి సంబరంలో ఎవరో తీసిన వీడియో డిస్కు ఒక్కటే మిగిలింది. దాన్ని ఆడించే డీవీడీ ప్లేయరు ఉప్పుగాలికి తుప్పుపట్టి తాతకంటే ముందే కాలం చేసింది.

సంవత్సరీకం ఇంకో మూడు వారాలుందనగా మామ్మ పిలిచింది. ఆవిడకి చూపు ఆనదు గాని, చెవులు పక్కింటి గుసగుసని కూడా వదలవు.

"ఒరే గుంటడా, ఆ బిళ్ళలో మీ తాత ఉన్నాడు గదా. నీ ఫోన్లోకి ఎక్కించలేవేటి? ఆ రోజు ఇంటాను."

"అరగంట పని మామ్మా!"

అబద్ధం కాదు. అక్క పెళ్ళి డిస్కుని సరిగ్గా అరగంటలో కంప్యూటర్లోకి దించినవాణ్ణి. ఆ దెబ్బతో మా వీధికి నేనే ఇంజనీరు.

డిస్కు పెట్టబోతుంటే సాఫ్ట్‌వేరు అడిగింది, కొత్త వెర్షను వచ్చింది, వేసుకుంటారా అని. తాత వస్తున్నాడు, పాతదాంతో ఆహ్వానిస్తే ఏం మర్యాద? 'సరే' నొక్కాను. ఇంకేదో అడిగింది. అదీ 'సరే'. పురోహితుడు ఏ మంత్రం చెప్పినా పెళ్ళికొడుకు తలూపినట్టు అన్నిటికీ ఊపేశాను.

పొద్దున్న మొదలైన రిప్పింగు, అంటే ఆ దించుడు, మధ్యాహ్నానికి పదకొండు శాతం దగ్గర కూర్చుంది.

"ఏటిరా, అయిందా?"

"పదకొండు శాతం, మామ్మా."

"పదకొండంటే కూడు ఉడికినట్టా, ఎసరు మరిగినట్టా?"

"బియ్యం కడిగినట్టు."

టెక్కలిలో సెల్‌ఫోన్లు బాగుచేసే మా బావ సింహాచలానికి ఫోన్ చేశాను.

"కొత్తది ఏసినాకే స్లో అయిందంటే సెట్టింగులు సూడరా."

"అన్నీ బాగానే ఉన్నాయి బావా."

"సూసినావా?"

"చూడకుండానే తెలుస్తుంది."

"మరి నాకెందుకు ఫోన్ సేసినావు?"

"సానుభూతికి."

ఫోన్ పెట్టేసి వైద్యం మొదలెట్టాను. డిస్కుకి మురికి పట్టిందేమోనని పళ్ళపొడితో తోమి, మళ్ళీ మొదటినుంచి పెట్టాను. వేడెక్కిందేమోనని కంప్యూటరు మూత విప్పి మామ్మ ఫ్యాను దానికి తిప్పాను. కరెంటు చాలడం లేదేమోనని అమ్మని మిక్సీ వెయ్యనివ్వలేదు. చట్నీ లేని ఇడ్లీని నాన్న శత్రువుని చూసినట్టు చూశాడు. నిదానమే ప్రధానం అన్నవాడెవడో గాని, జన్మలో డిస్కు రిప్ చేసి ఉండడు.

మూడోరోజు సాయంత్రానికి వంద శాతం! ఆ కంప్యూటరుకి స్పీకర్లు లేవు. బొమ్మ చూశాను, తాత ఎగురుతున్నాడు. ఇంకేం కావాలి? ఫోన్లోకి ఎక్కించి, విజయగర్వంతో డిస్కుకి దారం కట్టి, పిట్టలు రాకుండా బీరపందిరికి వేలాడదీశాను. మా వైపు పాత డిస్కులన్నీ చేసేది ఆ ఉద్యోగమే.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక ఫోను మామ్మ చెవి దగ్గర పెట్టాను. పాట మొదలైంది. మామ్మ తల వంచి వింది. ఇంకాసేపు వింది.

"ఏడిరా?"

"ఎవరు మామ్మా?"

"మీ తాత."

స్క్రీను చూశాను. పన్నెండుమంది మగాళ్ళు ఎండలో ఎగురుతూ ఛాతీలు చరుచుకుంటున్నారు. పాట ఉంది గాని, తప్పెట చప్పుడు లేదు. ఊరంతా కలిసి దోమల్ని కొట్టుకుంటున్నట్టుంది.

సంవత్సరీకానికి వచ్చిన బావ కంప్యూటరు ముందు కూర్చుని సెట్టింగులు తెరిచాడు. కొత్త వెర్షన్లో 'అనవసర శబ్దాలు తొలగించు' అన్నచోట టిక్కు పెట్టి ఉంది.

"స్లో స్లో అన్నావు గదరా, ఇదే. గొంతులు ఒగ్గేసి, తప్పెట మోతంతా సెత్తనుకున్నాది. ఒక్కో దెబ్బా ఏరి ఏరి తుడిసింది."

ఇల్లు ఊడవమంటే దేవుడి పటాన్ని కూడా చెత్తలో కలిపిన పనిమంతుణ్ణి నేను. పందిరి దగ్గరికి పరిగెత్తాను. ఎండకి, ఉప్పుగాలికి డిస్కు మీది వెండిపూత పొరలుగా రాలిపోయింది. దాని గుండా అవతలి బీరకాయ స్పష్టంగా కనబడింది. దాన్ని పిట్ట పొడిచేసింది కూడా.

"మామ్మా, పోయింది."

"ఏటి పోయింది?"

"తాత."

"ఏడాదయింది గదరా."

ఫోను ఆపి జేబులో పెట్టుకోబోయాను.

"పాట ఉన్నాది గదా? మొదటినుంచి పెట్టు," అంది మామ్మ. కడిగి బోర్లించిన స్టీలు పళ్ళేల్లోంచి ఒకటి తడిమి తీసుకుని, గుండెకి ఆనించుకుంది.

పాట మొదలైంది. మామ్మ చెయ్యి పడింది. స్క్రీను మీద తాత చెయ్యి ఎక్కడ పడితే సరిగ్గా అక్కడ ఆవిడ పళ్ళెం మోగింది. ఆవిడకి స్క్రీను కనబడదు. అమ్మ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. బావ తల దించుకున్నాడు.

సగంలో ఒకచోట రెండు దెబ్బలు తడబడ్డాయి. ఇంత జరిగాక కూడా నోరు మూసుకోవడం నాకు రాలేదు.

"మామ్మా, అక్కడ తప్పింది."

"నాను కాదురా. మీ తాత. పతీ ఏడూ అక్కడే తప్పీవోడు."

వెనక్కి తిప్పి చూశాను. నిజమే. తాత చెయ్యి తడబడింది, పక్కవాడు తాతని చూసి నవ్వాడు.

ఆ పూటే, తిన్న గారెలు అరగకముందే, ఇంటిల్లిపాది ఎదుట చెయ్యి చాచి ఒట్టు వేశాను. ఇక నా బతుకులో చదవకుండా దేనికీ 'సరే' నొక్కను. మామ్మ వాయిస్తుంటే తప్పు పట్టను. మొదటి ఒట్టు వారం తిరక్కుండానే తప్పాను. రెండోది మాత్రం ఇప్పటికీ నిలబడే ఉంది. ఆ రోజు తర్వాత మామ్మ పళ్ళెం పట్టలేదు. అడిగితే, "సేతులు మండతన్నాయిరా," అంటుంది.