తెరవగానే తెల్ల పేజీ

మహబూబ్‌నగర్‌లో దరఖాస్తులు టైపు చేసే దుకాణం పెట్టినప్పుడు, కంప్యూటర్‌లో ఎడిటర్ తెరవగానే ఏం కనిపించాలన్న సంగతి ఒక్క నిమిషంలో తేల్చేశాను. సెట్టింగుల్లో మూడు దారులున్నాయి: ఖాళీ పేజీ, మనకు నచ్చిన పేజీ, లేదా చివరగా టైపు చేసిన ఫైలు. ఖాళీ పేజీ నాకు సరుకు లేని అల్మారాలా తోచింది. నారాయణపేటలో చీరలమ్మే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఉత్త చేతులు చూపడం మాకు చేతకాదు. చివరి ఫైలే పెట్టాను. వెతుక్కునే పని తప్పుతుందని నా తెలివి.

టైపు చేసే అమ్మాయిదీ నారాయణపేటే, మగ్గం నేసే ఇల్లు. అట్లా వద్దని మొదటి రోజే చెప్పింది. దుకాణం నాది కదా, వినలేదు.

ఒక సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చింది. తన పేరునున్న ఇంటి జాగాను పెద్దకొడుకు చాటుగా రాయించుకోబోతున్నాడని, ఆపమని అర్జీ టైపు చేయించుకుంది. వాడికి తెలిస్తే ఇంట్లో ఉండనియ్యడని రెండుసార్లు చెప్పింది. ఆ రోజుకు అదే చివరి పని.

మర్నాడు మొదటి గిరాకీ ఏదో దరఖాస్తుకని ఆధార్ కార్డు ఇచ్చాడు. దాని మీద నిన్నటి అర్జీలోని ఇంటి నంబరే చూసి అమ్మాయి ముఖం మారింది. ఆ కొడుకే. నేనేమో అప్పటికే ఎడిటర్ మీద నొక్కాను, తెరుచుకునేది ఆ అర్జీయే. గిరాకీలు చూసుకుంటారని స్క్రీన్ వాళ్లవైపు తిప్పి పెట్టిందీ నేనే.

అమ్మాయి వంగి ప్లగ్గు లాగేసింది. కరెంటు పోయిందంది. అతను తలెత్తి తిరుగుతున్న ఫ్యాను చూశాడు.

"కంప్యూటర్‌కే పోయిందన్నా. జర చాయ్ తాగి రా."

అతను గొణుక్కుంటూ వెళ్లాడు. అప్పుడు నా వైపు తిరిగింది.

"మీ బాపు దుకాణంల ముందటోళ్లు చూసిన చీరలు మడత పెట్టకుంటనే ఇంకొకర్ని కూసోవెడ్తుండెనా?"

పెట్టేవాడు కాదు. ఒకరు లేచాక చీరలన్నీ మడిచి అల్మారాలోకి చేర్చి, పరుపు మీది తెల్ల దుప్పటి దులిపాకే ఇంకొకర్ని కూర్చోబెట్టేవాడు. ఎవరు ఏం చూసి ఏం వదిలేశారో పక్కవాళ్లకెందుకనేవాడు. చిన్నప్పుడు ఆ మడతలన్నీ పెట్టింది నేనే. ఈ అమ్మాయి ఆ దుకాణంలో ఒక్కరోజూ కూర్చోలేదు, అయినా దాని మర్యాద నాకంటే ఆమెకే బాగా తెలుసు.

అయినా బేరం మానలేదు. పేజీ పైన మన దుకాణం పేరైనా పెడదామన్నాను. పోనీ, ఒక మూలకు, చిన్న అక్షరాల్లో?

"ఖాళీ అంటే ఖాళీనే అన్నా."

సెట్టింగు మార్చి, స్క్రీన్ కూడా మా వైపు తిప్పేసింది. కొడుకు చాయ్ తాగి వచ్చేసరికి తెల్ల పేజీ సిద్ధంగా ఉంది. పని చేయించుకుని పోయాడు.

వారానికి పెద్దావిడ అర్జీ ఇంకో ప్రతి కావాలని వచ్చింది. మాట్లాడకముందే, తన అర్జీ పైకి కనిపిస్తుందేమోనని బల్ల మీదుగా వంగి స్క్రీన్ కేసి చూసింది. ఏమీ లేదు. అప్పుడు స్టూలు అమ్మాయి పక్కకు జరుపుకుని కూర్చుంది.