పిడికెడు బియ్యం కుండలో స్ప్రింగు బోను

ఒక ఫారెస్టు వాచరు వేళ్లు వంకాయల్లా వాచేలా చేసిన ఘనత మా కోడేరు మండలంలో నాకొక్కదానికే దక్కింది. నన్ను క్రూరురాలినని అనుకోకండి. చట్టానికి భయపడినందుకే ఇదంతా జరిగింది. భయం లేని మనిషినైతే ఆ ఆదివారం అందరం హాయిగా ఆరాధనకు పోయి వచ్చేవాళ్లం.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు, ఆయనకు ఎప్పుడూ రుణపడి ఉంటాను. బైబిలు తడుముకోకుండా చదువుతాను. చట్టం చదవడం మాత్రం ఆయనకూ రాదు, నాకూ రాదు.

ఆ యేడు మా ఆయన పుణెలో బిల్డింగు పనికి పోయాడు. పోతూ పోతూ, యాసంగి పంటకు విత్తనంగా దాచిన పల్లీల బస్తాలు నాకు అప్పగించాడు. అవి పోతే చేను బీడే. ఆయన బస్సెక్కాడో లేదో, పందికొక్కంత ఎలుక ఒకటి దిగింది. పొద్దున లేచి చూస్తే బస్తాల కింద పొట్టు, పెళ్లి పందిట్లో ఎంగిలాకుల మాదిరిగా. ఆయన ఫోన్ చేసి "విత్తనం బాగున్నదా?" అంటే "దేవుని దయ" అనేదాన్ని. అబద్ధం కాదు కదా, మిగిలినదంతా దేవుని దయే.

చివరికి కల్వకుర్తి బజారుకు పోయాను.

"సేటూ, ఎలుకలు అతుక్కునే గమ్ము అట్టలున్నయా?"

"అవి అమ్మొద్దంటుండ్రమ్మా. ఎలుక దాంట్ల అతుక్కొని దినమంత కొట్టుకుంటదట. పాపమని సర్కారు వద్దంటుంది."

"మరి చంపుడు పాపం కాదా?"

"చంపొచ్చంట. సతాయించొద్దంట."

నాకు అక్కడే తల తిరగడం మొదలైంది. మందు అడిగితే "మీ కోళ్లు గూడ తింటయి" అన్నాడు. తరువాత ఒక చెక్క ముక్క తీశాడు. దాని మీద గట్టి స్ప్రింగు, ఇనుప తీగ.

"ఇగో, గిది తీస్కపో. ఒక్కటే దెబ్బ. నొప్పి ఎరుకయ్యేలోపట పానం పోతది."

"దీనికి సర్కారు ఒప్పుకుంటదా?"

"ఎలుకకైతే ఒప్పుకుంటది."

"ఎలుక గాకపోతే?"

"ఎలుకల బోనుల ఎలుక గాక ఏనుగు పడ్తదా అమ్మా?"

అంత దయగల వస్తువు దొరికినందుకు దేవునికి వందనాలు చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను. పక్కింటి బాలమ్మత్త దాన్ని చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఓ రత్నమ్మా, ఇది కేసు సామాను కాదే? ఆగు, మా అల్లున్ని అడుగుత."

అల్లుడంటే ఆమె అన్న కొడుకు దేవదానం. నల్లమల అడవిలో ఫారెస్టు వాచరు. స్పీకరు పెట్టి ఫోన్ చేసింది.

"నాకు ఎరుకైనంత చెప్త అక్కా," అన్నాడు దేవదానం. "కుందేలుకు ఉరి పెడితే కేసు. ముంగిస పడ్తె కేసు. ఉడుము పడ్తె ఇంక పెద్ద కేసు."

"ఎలుక?" అన్నాను నేను.

"ఎలుకకు లేదు."

"పందికొక్కు?"

"అది గూడ ఎలుక జాతే గద."

"ఉడుత?"

"ఉడుతంటె... సారును అడగాలె."

బాలమ్మత్త ఊరుకోలేదు. "పిల్లి పడ్తె ఎట్లరా?"

"ఇంటి పిల్లా, అడివి పిల్లా అత్తా?"

"పాలు మా యింట్ల తాగుతది. కరిసేది మాత్రం అడివి లెక్కనే కరుస్తది."

"జర చూసుకొని పెట్టుండ్రి," అని పెట్టేశాడు.

చూసుకొని పెట్టడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. బోనుకు చదువు రాదు. వచ్చినది ఎలుకో ముంగిసో అడిగి పడదు. బస్తాల దగ్గర పెడదామంటే ఎలుక తవ్విన కన్నంలోంచి ముంగిస కూడా వస్తుంది, మా కోడిగుడ్ల కోసం. వాకిట్లో పెడితే పిల్లి, గోడ మీద ఉడుత. ఎటు చూసినా నాకు కేసులే కనబడ్డాయి. ముంగిస తోక పట్టుకొని నేను జడ్జిగారి ముందు నిలబడినట్టు పగటిపూటే కల వచ్చింది.

అప్పుడు చూపు పిడికెడు బియ్యం కుండ మీద పడింది. తెలియని వాళ్లకు చెబుతాను. మేం అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని పేరిట వేరే కుండలో పోస్తాం. ఆదివారం బాలమ్మత్త ఇంటింటికీ వచ్చి పోగుచేసి మందిరానికి తెస్తుంది. పిడికిటితో పోసిన బియ్యం పిడికిటితోనే తీయాలి, చెంబు ముంచకూడదు. అది ఆమె పెట్టిన నియమం. ఎలుక ఆ కుండనూ వదల్లేదు. మూత పళ్లెం మీద దాని గుర్తులున్నాయి.

ముంగిస బియ్యం తినదు. ఉడుము తినదు. పిల్లి తినదు. ఉడుత గోడ దిగి వంటింట్లోకి రాదు. చట్టం వద్దన్న జీవి ఏదీ ఆ కుండలోకి రాదు. నా తెలివికి నేనే మురిసిపోయి, శనివారం పొద్దుగూకే వేళ బోను బిగించి బియ్యం మీద పెట్టాను. పళ్లెం కొంచెం ఓరగా ఉంచి, "ప్రభువా, కేసు లేని జీవినే పంపు" అని ప్రార్థించాను.

తెల్లవారి బస్తాల గదిలో కన్నానికి గుడ్డలు కుక్కుతున్నాను. ధ్యాసంతా పల్లీల మీదే. వంటింటి వైపు నుంచి పిలుపు వినబడింది.

"అక్కా, వందనాలు. నేను, దేవదానాన్ని. సెలవుకొచ్చిన. అత్తకు మోకాళ్లు పట్టినయని నన్ను తోలింది. బియ్యం ఏడున్నయి?"

"పొయ్యి పక్కన మూలకు కుండ ఉన్నది తమ్మీ. చెయ్యి పెట్టి తీస్కో."

అవును, ఆ మాట నేనే అన్నాను.

టప్పున చప్పుడైంది.

"తమ్మీ, ఏం పడ్డది?"

"నేను పడ్డ అక్కా."

"ముంగిస గాదు గద?"

"గాదు."

"ప్రభువుకు స్తోత్రం," అన్నాను. ఆ తరువాతే అతని మాట నా బుర్రకు చేరింది.

పరుగెత్తి చూస్తే రెండు వేళ్లు బోనులో ఉన్నాయి. తీగకూ చెక్కకూ నడుమ బియ్యం ఇరుక్కొని ఎముకలు దక్కాయి. ఆ గింజలకు నేటికీ కృతజ్ఞురాలిని. ఇద్దరం గుంజుకుంటుంటే బాలమ్మత్త కుంటుకుంటూ వచ్చింది.

"ఎలుకను పట్టవే అంటె సర్కారోన్ని పట్టినవా?"

నేను పసుపు రాస్తూ అడిగాను. "తమ్మీ, నువ్వు పడ్తె ఏం కేసు?"

అతను కోప్పడలేదు. నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "అడివిల ఉండేటోన్ని. ఊర్లె పడ్డ. నాకు గూడ తెల్వదక్కా. సారును అడుగుదమంటె, ఎలుకల బోనుల పడ్డనని ఎట్ల చెప్పాలె? నువ్వు చెప్పకు, నేను చెప్ప."

ఒట్టు పెట్టుకున్నాం. ఒట్టులో బాలమ్మత్తను కలపడం మరిచిపోయాం.

మందిరంలో పాస్టరయ్యగారు ప్రార్థన విన్నపాలు చెప్పమనగానే ఆమె అందరికంటే ముందు లేచింది. "అయ్యగారూ, మా అల్లుడు రత్నమ్మ ఎలుకల బోనుల పడ్డడు. వాని వేళ్ల కోసం ప్రార్థన చేయుండ్రి. ఆమె పల్లీల కోసం గూడ చేయుండ్రి, ఎలుక ఇంక దొరకలే."

ఆ రోజు ఆమెన్ కంటే నవ్వే గట్టిగా వినిపించింది. కానీ ఆరాధన ముగియగానే నలుగురు మగవాళ్లు మూతలున్న ఇనుప డ్రమ్ములు దొర్లించుకుంటూ మా ఇంటికి వచ్చారు. చీకటి పడేలోపు విత్తనమంతా వాటిలోకి చేరింది. దేవదానం ఒంటిచేత్తోనే బస్తాల మూతులు విప్పాడు. ఆ యాసంగికి మా చేను బీడు పడలేదు.

కాబట్టి పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇంటి జీవికి గాని, అడవి జీవికి గాని, అటవీ శాఖ జీవికి గాని ఇకమీదట నా వంటింట్లో ఏ హానీ జరగదు. ఎలుకను ఈ ప్రమాణంలో కావాలనే చేర్చలేదు.